కడుపులో తగిలిన దెబ్బకు బడిలో బెత్తం మందు కాదు



బోనసు గురించో, కనీస వేతనాల గురించో రాయవలసిన ఈ పేజీలో ఈసారి పిల్లల గురించి రాస్తున్నాం. "ఇది యూనియన్ పనేనా?" అని కొందరు అడగవచ్చు. యూనియన్ పనే అని మా సమాధానం. బడిలో నిలవలేని పిల్లవాడు చివరికి వచ్చేది మన సాంచాల దగ్గరికే. ఇక్కడా చెప్పిన పని గుర్తుండక, ఒకటి చెబితే ఒకటి చేసి, మేస్త్రీ చేత తిట్లు, తోటివాళ్ల చేత ఎగతాళి పడతాడు. తక్కువ కూలికి ఎక్కువ గంటలు చేయించుకోవడానికి యజమానికి అటువంటివాడే కావాలి. బెల్టులోనో పళ్లచక్రంలోనో చెయ్యి పెట్టి వేళ్లు పోగొట్టుకునేదీ అటువంటివాడే.

ఇలాంటి పిల్లల్లో కొందరి విషయంలో అసలు కారణం బద్ధకమూ కాదు, పొగరూ కాదు. తల్లి కడుపులో ఉన్న రోజుల్లోనే మద్యం వల్ల మెదడుకు తగిలిన దెబ్బ అది. వైద్యులు దీన్ని ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్ అంటారు. మనం సులువుగా గర్భస్థ మద్య లోపం అనుకుందాం. దీన్ని గుర్తుపట్టే ఏర్పాటు మన కార్మిక బస్తీలకు అందాలని, అది దానంగా కాక హక్కుగా రావాలని మా వాదన.

ఇది కొత్త జబ్బు కాదు

ఫ్రాన్సులోని నాంత్ నగరంలో పాల్ లెమ్వాన్ అనే వైద్యుడు 1968లో, తాగుడు అలవాటున్న తల్లుల పిల్లలు 127 మందిని చూసి, వాళ్ల ముఖాల్లోనూ ఎదుగుదలలోనూ ఒకే రకమైన తేడాలు ఉన్నాయని రాశాడు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ అనే వైద్యులు ఇదే సంగతి గమనించి, దానికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత తెలిసిందేమంటే, ముఖంలో తేడాలు కనిపించే పిల్లలు కొద్దిమందే. ముఖం మామూలుగా ఉండి మెదడు మాత్రం దెబ్బతిన్నవాళ్లు అంతకంటే చాలా ఎక్కువమంది. అందరినీ కలిపి ఇప్పుడు స్పెక్ట్రమ్ అంటున్నారు.

తల్లి తాగిన మద్యం రక్తంలో కలిసి, మాయ దాటి, బిడ్డలోకి పోతుంది. పెద్దవాళ్ల కాలేయం మద్యాన్ని విరిచేస్తుంది. బిడ్డ కాలేయానికి ఇంకా ఆ శక్తి ఉండదు. ఉమ్మనీటిలో కూడా మద్యం నిలుస్తుంది. అంటే తల్లికి మత్తు దిగిపోయిన తర్వాత కూడా బిడ్డను అది వదలదు. ముఖం రూపుదిద్దుకునేది మొదటి నెలల్లోనే. మెదడు మాత్రం తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది. కనుక ఏ నెలలోనూ "ఇప్పుడు తాగితే ఫరవాలేదు" అనడానికి లేదు. ఏ నెలలో మానినా అక్కడి నుంచి బిడ్డకు మేలే అన్న మాట కూడా అంతే నిజం.

ఎలా అనుమానించాలి

పసితనంలో బిడ్డ బరువు తక్కువ. పాలు గట్టిగా పీల్చలేడు. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతాడు, నిద్ర నిలవదు. నడక, మాట ఆలస్యం కావచ్చు.

బడి వయసులో అసలు ఇబ్బంది బయటపడుతుంది. నిన్న నేర్చుకున్న ఎక్కం ఈ రోజు గుర్తుండదు, రేపు మళ్లీ గుర్తుకొస్తుంది. దీన్ని చూసే పంతులుగారు "వీడికి వచ్చు, కావాలనే చెప్పడం లేదు" అనుకుంటారు. లెక్కలు, గడియారం, డబ్బు చిల్లర అర్థం కావు. మూడు పనులు ఒకేసారి చెబితే మొదటిదో చివరిదో మాత్రమే చేస్తాడు. మాటలు మాత్రం గలగలా మాట్లాడతాడు, అందుకే అన్నీ అర్థమవుతున్నాయని మనం పొరబడతాం. చేసిన తప్పుకు నిన్న దెబ్బలు తిని ఈ రోజు మళ్లీ అదే చేస్తాడు. దానికీ దీనికీ సంబంధం కలపలేకపోవడమే ఆ లోపం. ముక్కూ మొహం తెలియనివాళ్లతో కూడా చనువుగా వెళ్లిపోతాడు. ఎవరు ఏం చెబితే అది చేస్తాడు. పెద్దయ్యాక మోసపోవడం, దొంగతనాల్లో ముందుకు నెట్టబడి పోలీసులకు దొరికిపోవడం ఇటువంటి వాళ్ల విషయంలో ఎక్కువ.

చప్పుడు, వెలుగు, జనం ఎక్కువైతే కొందరు పిల్లలు తట్టుకోలేరు. కింద కార్ఖానా, పైన కాపురం ఉన్న మన ఇళ్లలో రెండు పాళీలూ సాంచాల మోత ఆగదు. ఆ మోతలో కూర్చుని చదవమంటే పిల్లవాడు గోడకు తల కొట్టుకున్నా ఆశ్చర్యం లేదు.

అయితే ఒక హెచ్చరిక. ఈ లక్షణాలు చదివి ఎవరూ తమ పిల్లలకు తామే పేరు పెట్టకండి. తిండి చాలకపోయినా, తల్లికి రక్తహీనత ఉన్నా, నెలలు నిండకుండా పుట్టినా, చెవి సరిగా వినపడకపోయినా, అయోడిన్ లోపమున్నా పిల్లలు వెనుకబడతారు. ఇంట్లో రోజూ కొట్లాటలు చూసే పిల్లలకూ చదువు మీద మనసు నిలవదు. పుట్టుకతో వచ్చే మరికొన్ని జన్యు లోపాల్లో కూడా ముఖం ఇలాగే ఉంటుంది. వెనుకబడిన ప్రతి పిల్లవాడి వెనుకా మద్యం ఉందనుకోవడం ఎంత తప్పో, ఏ పిల్లవాడి వెనుకా లేదనుకోవడం అంత తప్పు.

నిర్ధారణకు నాలుగు సంగతులు

దీన్ని తేల్చడానికి రక్తపరీక్ష లేదు. ఒక్క స్కానింగుతో తేలేదీ కాదు. వైద్యులు నాలుగు సంగతులు చూస్తారు.

ఒకటి, ఎదుగుదల: ఎత్తు, బరువు వయసుకు తగినట్టు ఉన్నాయా?

రెండు, ముఖం: కళ్లు ఒక మూల నుంచి ఇంకో మూలకు పొట్టిగా ఉన్నాయా? ముక్కు కింద నుంచి పై పెదవి దాకా ఉండే నిలువు గాడి చదునుగా ఉందా? పై పెదవి సన్నగా ఉందా? ఈ మూడూ కలిసి ఉంటేనే దానికి విలువ. ఒక్క సన్న పెదవిని పట్టుకుని ఏమీ చెప్పలేం. పైగా ఈ కొలతల పట్టికలు వేరే దేశాల వాళ్ల ముఖాలను చూసి చేసినవి. మన పిల్లల ముఖాలకు మన కొలతలు కావాలి.

మూడు, మెదడు: తల చుట్టుకొలత, జ్ఞాపకం, భాష, లెక్క, ఏకాగ్రత, నడవడి. వీటిని పరీక్షించడానికి పిల్లల వైద్యుడొక్కడే చాలడు. మనస్తత్వ నిపుణులు, మాట నేర్పే నిపుణులు కూడా ఉండాలి.

నాలుగు, గర్భంతో ఉన్నప్పుడు తల్లి మద్యం తీసుకుందా, ఎంత, ఏ నెలల్లో? ముఖంలో మూడు గుర్తులూ స్పష్టంగా ఉంటే ఈ సమాచారం లేకపోయినా వైద్యులు తేల్చగలరు. ముఖం మామూలుగా ఉన్న పిల్లల విషయంలో మాత్రం ఈ నాలుగో సంగతి లేకుండా నిర్ధారణ లేదు. అంటే ఎక్కువమంది పిల్లల భవిష్యత్తు ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. ఆ ప్రశ్నే ఎవరూ అడగరు.

ఒక సభ్యుని కొడుకు విషయంలో మేము అది కళ్లారా చూశాం. పిల్లవాడికి తొమ్మిదేళ్లు. బడివాళ్లు వేరే బడి చూసుకోమన్నారు. ఒక డాక్టరు బలానికి టానిక్కు రాశాడు. ఇంకొకరు అల్లరి తగ్గడానికి మాత్రలు రాశారు. మూడోచోట బుద్ధి పరీక్ష చేసి, మార్కులు కాస్త పైనే ఉన్నాయి కాబట్టి ధ్రువపత్రం రాదన్నారు. రెండేళ్లు తిరిగితే ఆ తల్లిని "కడుపుతో ఉన్నప్పుడు ఏమేం తిన్నావమ్మా, ఏమేం తాగావమ్మా?" అని అడిగినది ఒక్క లేడీ డాక్టరు. పుట్టింట్లో పెద్దవాళ్లతోపాటు రోజూ సాయంత్రం కల్లు తాగేదాన్నని ఆమె దాపరికం లేకుండా చెప్పింది. అది తప్పని ఆమెకు అంతవరకూ చెప్పినవాళ్లు లేరు. అడిగినవాళ్లు కూడా లేరు.

ద్రాక్షతోటల కూలీల కథ

ఈ విషయంలో కార్మికులందరూ తెలుసుకోవలసిన చరిత్ర దక్షిణాఫ్రికాలో ఉంది. అక్కడి పశ్చిమ కేప్ ప్రాంతంలో ద్రాక్షతోటల యజమానులు తరతరాలుగా కూలీలకు కూలిలో కొంత భాగం ద్రాక్షసారాగా ఇచ్చేవారు. దాన్ని డాప్ పద్ధతి అనేవారు. రోజుకు నాలుగైదుసార్లు పని మధ్యలోనే పోసేవారు. అమ్ముడుపోని నాసిరకం సారా అలా ఖర్చయ్యేది. కూలీ మత్తులో యజమానికి కట్టుబడి ఉండేవాడు. చట్టం నిషేధించిన తర్వాత కూడా అక్కడక్కడ 1990ల దాకా ఇది సాగింది. కూలీల్లో ఆడవాళ్లూ ఉన్నారు.

1990ల చివరలో పరిశోధకులు ఆ ప్రాంతంలోని ఒక పట్టణంలో బడులకు వెళ్లి, ఒకటో తరగతి పిల్లల ఎత్తు, బరువు, తల చుట్టుకొలత తీశారు. చిన్నగా ఉన్నవాళ్లను వైద్యులు పరీక్షించారు. తల్లులతో మాట్లాడారు. 2000లో ఫలితాలు వచ్చాయి. వెయ్యి మంది పిల్లల్లో 40 మందికి పైగా పూర్తి లక్షణాలతో ఉన్నారు. అప్పటికి లోకంలో ఎక్కడా అంత సంఖ్య నమోదు కాలేదు. తర్వాతి అధ్యయనాల్లో లక్షణాలు పాక్షికంగా ఉన్నవాళ్లను కూడా లెక్కిస్తే సంఖ్య ఇంకా పెరిగింది.

ఈ చరిత్ర నుంచి మనకు రెండు పాఠాలు. సారా పోసిన యజమాని లాభం తీసుకున్నాడు, నష్టం కూలీ మనవడి మెదడు దాకా పోయింది. తాగుడును ఒక్క ఆడమనిషి తప్పుగా చూడడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి తెలుస్తుంది. రెండోది, అక్కడ సంఖ్య బయటపడింది ఎందుకంటే వాళ్లు బడికి వెళ్లి ప్రతి పిల్లవాడినీ కొలిచారు. వెతికారు కాబట్టి కనపడింది. మనం వెతకలేదు కాబట్టి మన దగ్గర లేదనుకుంటున్నాం.

"మన ఆడవాళ్లు తాగరు" అనేవారికి

ఈ విషయం రాయబోతున్నామని తెలిసి కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. "షోలాపూర్లో, భివండీలో మన తెలుగువాళ్లకున్న పరువు పోతుంది. మన ఆడవాళ్లు తాగుతారని రాస్తారా?" అన్నారు. మా సమాధానం వినండి.

నిజమే, మన దేశంలో తాగే ఆడవాళ్లు తక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన స్త్రీలలో దేశం మొత్తం మీద తాగేవాళ్లు 1.3 శాతం. కానీ మనలో చాలామంది తాతల ఊళ్లు ఉన్న తెలంగాణలో అది 6.7 శాతం. అక్కడ కల్లును చాలామంది మద్యంగా లెక్కించరు, తిండి కింద జమ కడతారు. పండగకు, పెళ్లికి, పొలం నుంచి వచ్చిన అలసటకు ఇంటిల్లిపాదీ తాగే అలవాటు ఉంది. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వెళ్లిన పిల్లకు కూడా "బలం" అని పోసేవాళ్లున్నారు. కల్లు పులిస్తే అందులో ఉండేది మద్యమే. పైగా కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలుపుతున్న సంగతి అందరికీ తెలిసిందే. అరిష్టాలు, ఆసవాలలోనూ కొంత మద్యం ఉంటుంది. డాక్టరును అడగకుండా గర్భిణి వాటిని తాగకూడదు.

"మా అమ్మా తాగింది, నేను బాగానే ఉన్నానుగా" అని కూడా కొందరంటారు. తాగిన ప్రతి తల్లి బిడ్డకూ ఈ లోపం రాదు. గర్భిణిగా మద్యం తీసుకున్న 13 మంది స్త్రీలలో ఒకరి బిడ్డకు ఈ లోపం వస్తుందని 2017లో ప్రచురించిన ఒక అంతర్జాతీయ లెక్క చెప్పింది. బాగున్న పన్నెండు మందిని చూపించి పదమూడోవాణ్ణి మరచిపోదామా?

ఇక పరువు సంగతి. తల్లిని దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. ఇంటికి సీసా తెచ్చేదెవరు? "కొంచెం తాగు, ఏం కాదు" అని గ్లాసు చేతికిచ్చేదెవరు? కొట్టి, ఏడిపించి, మత్తులో మరచిపోయే స్థితికి తెచ్చేదెవరు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటాన్ని నడిపింది ఆడవాళ్లే. దాని ఫలితంగానే 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. తాగుడు వల్ల ఎక్కువ పోగొట్టుకునేది తామేనని వాళ్లకు తెలుసు. నింద వేస్తే తల్లి నోరు మూసుకుంటుంది. ఆమె నోరు మూసుకుంటే నాలుగో సంగతి బయటికి రాదు, పిల్లవాడికి నిర్ధారణ దొరకదు. కాబట్టి నింద వేసేవాడు బిడ్డకే ద్రోహం చేస్తున్నాడు.

పేరు తెలిస్తే ఏమొస్తుంది?

"నయం కాని లోపానికి పేరు తెలిసి లాభమేమిటి?" అన్నది చివరి ప్రశ్న. మెదడుకు తగిలిన దెబ్బ మానదు, నిజమే. కానీ సియాటిల్‌లో ఆన్ స్ట్రైస్‌గత్, ఆమె సహచరులు ఈ లోపమున్న 415 మందిని పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. చిన్న వయసులోనే నిర్ధారణ జరిగి, కుదురైన మంచి ఇంట్లో పెరిగిన వాళ్లకు బడి మానేయడం, పోలీసు కేసులు, తాగుడు వంటి అనర్థాలు తప్పించుకునే అవకాశం రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ అని తేలింది.

ఎందుకంటే, కారణం తెలిస్తే పెంపకం మారుతుంది. ఒకసారి ఒకే పని చెబుతాం. రోజూ అదే వేళకు అదే పని చేయిస్తాం. మాటతో కాక బొమ్మతో, చేతితో చూపిస్తాం. మరచిపోతే మళ్లీ చెబుతాం, కొట్టం. జనంలో ఒంటరిగా వదలం. చేనేత చేసిన మన తాతలకు తెలుసు, పడుగులో పోగు తేడా ఉంటే తాను పొడవునా ఆ గీత వస్తుంది. దానికి మగ్గాన్ని కొట్టి లాభం లేదు. ఎక్కడ తేడా ఉందో చూసుకుని, నేత దాన్నిబట్టి సర్దుకుంటారు.

చట్టంలో ఖాళీలు

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. గర్భస్థ మద్య లోపం అన్న పేరు వాటిలో లేదు. మేధో వైకల్యం కిందో, నేర్చుకునే సామర్థ్య లోపం కిందో పోవాలి. ఈ పిల్లల్లో చాలామందికి బుద్ధి పరీక్షలో 70కి పైనే మార్కులు వస్తాయి. రోజువారీ బతుకులో మాత్రం నిలదొక్కుకోలేరు. 40 శాతం వైకల్యం లేదంటూ వాళ్లను తిప్పి పంపిస్తారు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలను అంగన్‌వాడీల్లో, సర్కారు బడుల్లో పరీక్షించాలి. అందులో చాలా రకాల లోపాలు, జబ్బులు ఉన్నాయి. ఇది లేదు. సీసాల మీద 2019 నుంచి వస్తున్న హెచ్చరికలో ఆరోగ్యానికి హాని అని, తాగి బండి నడపవద్దని ఉంది. గర్భిణి గురించి ఒక్క మాట లేదు. అమెరికాలో 1988 చట్టం ప్రకారమే ఆ మాట సీసా మీదికి ఎక్కింది.

మా డిమాండ్లు

1. గర్భిణుల పరీక్షలు జరిగే ప్రతిచోటా, ఇ.ఎస్.ఐ. ఆస్పత్రుల్లో సహా, మద్యం గురించి ప్రతి స్త్రీనీ అడగాలి. విడిగా, మర్యాదగా, ఆమె భాషలో అడగాలి. తెలుగు తెలిసిన ఆశా కార్యకర్తలను మన బస్తీలకు ఇవ్వాలి.

2. బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షల్లో ఈ లోపాన్ని చేర్చాలి. జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల సిబ్బందికి దీన్ని గుర్తించే శిక్షణ ఇవ్వాలి.

3. ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు బుద్ధి పరీక్ష మార్కులే కాక, పిల్లవాడు రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలడో చూడాలి.

4. మద్యం సీసాల మీద గర్భిణులకు హెచ్చరిక ముద్రించాలి. కల్లు దుకాణాల ముందు బోర్డు పెట్టాలి.

5. బడుల్లో పిల్లలను కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. దాన్ని అమలు చేయాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం చేయగలిగినవి కూడా ఉన్నాయి. ఇంట్లో కోడలో, కూతురో, చెల్లెలో నీళ్లోసుకుందని తెలిసిన రోజు నుంచి ఆ ఇంట్లోకి సీసా రాకూడదు. మగవాళ్లు కూడా ఆ తొమ్మిది నెలలు మానితే ఆమెకు అంతకంటే తోడు లేదు. రోజూ ఎక్కువ తాగే అలవాటుగానీ, కల్తీ కల్లు అలవాటుగానీ ఉన్నవాళ్లు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. అటువంటి వాళ్లను తిట్టకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఇప్పటికే పుట్టిన పిల్లల విషయంలో అనుమానం ఉన్న తల్లిదండ్రులు యూనియన్ ఆఫీసుకు రండి. చెప్పిన మాట గడప దాటదు. ఆస్పత్రికి మేము తోడు వస్తాం, కాగితాలు మేము రాస్తాం.

మేనేజ్‌మెంటుతో మాట్లాడి వేళ్లు తెగిన కార్మికునికి నష్టపరిహారం తెచ్చుకోవడం మనకు తెలుసు. పుట్టకముందే దెబ్బ తగిలిన పిల్లవాడికి రావలసిన పరీక్ష, చదువు, ధ్రువపత్రం కూడా అదే పట్టుదలతో తెచ్చుకోవాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ఐదు డిమాండ్లను తీర్మానంగా పెడుతున్నాం. సభ్యులందరూ, ముఖ్యంగా అక్కచెల్లెళ్లు, హాజరై తమ అభిప్రాయం చెప్పాలని కోరుతున్నాం.

— కార్యదర్శి